పలుగురాయి ఎంత?

లాలి తెచ్చిన సంచిలో బూడిదరంగు పొడి ఉంది. ఖమ్మంలో గ్రానైటు పలకలు కోసేటప్పుడు నీళ్లతో పాటు కొట్టుకొచ్చి, గుంటల్లో చేరి ఎండిన పొడి అది. దుమ్ముగూడెం దగ్గర లాలి పనిచేసే ఇటుకబట్టీలో దాన్ని మట్టిలో కలపాలనుకున్నారు. అందులో ఏముందో తేలేదాకా తట్ట ఎత్తేది లేదని పన్నెండుమంది ఆడవాళ్లూ తేల్చి చెప్పారు. వాళ్ల తరఫున లాలి, యజమాని చేతనే ఉత్తరం రాయించుకుని, రెండు బస్సులు మారి ఖమ్మంలోని ల్యాబ్‌కు వచ్చింది.

"మా అన్న బిచ్యా క్రషర్ల పనిజేసిండు మేడం. ఇప్పుడు నాలుగు మెట్లెక్కితె ఆయాసం. గిది గూడ గసొంటిదేనా?"

"పలుగురాయి పొడి ఊపిరితిత్తుల్ల చేరితె గట్లయితది అక్కా. దీంట్ల ఎంతుందో వారంల చెప్తం," అంది తబస్సుం.

తబస్సుం ఆ ల్యాబ్‌లో చేరి ఎనిమిది నెలలే అయినా ఎక్స్‌రే యంత్రం మొత్తం ఆమె చేతిమీదే నడుస్తుంది. పొడి మీద కిరణాలు పడితే ఒక్కో స్ఫటికం ఒక్కో కోణంలో వాటిని తిప్పికొడుతుంది. తెరమీద ఆ కోణం దగ్గర శిఖరం లేస్తుంది. ఎంత ఎత్తు శిఖరమైతే అంత పదార్థం.

ఎదురు బల్ల వెంకటరామారావుది. ముప్పై ఏళ్లుగా ఆయన నమ్ముకున్నది ఆమ్లాన్ని. మరిగే ఫాస్ఫారిక్ ఆమ్లంలో పొడి వేస్తే మిగతా రాళ్లన్నీ కరిగిపోయి పలుగురాయి ఒక్కటే మిగులుతుంది. దాన్ని వడగట్టి తూచడమే.

అదే సంచిలోంచి ఇద్దరూ చెరికాస్త తీసుకున్నారు. ఆయనకు నూటికి నలభై ఒకటి వచ్చింది. ఆమెకు ముప్పై మూడు.

"నీ యంత్రం బొమ్మ చూపిస్తది, నా త్రాసు తూకం చూపిస్తది," అన్నాడాయన.

"బొమ్మ అబద్ధమాడదు సార్."

ల్యాబ్ మేనేజరు ప్రమీలారాణి రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసింది. "ఒక్క సంచికి రెండు లెక్కలు పంపమంటరా?" అని, తనే గది తలుపు మూసుకుని స్వచ్ఛమైన పలుగురాయి, ఫెల్డ్‌స్పార్, అభ్రకం తూచి కలిపింది. పలుగురాయి ఎంత వేసిందో ఒక కవర్లో రాసి అంటించింది. "ఇది కొలిచి చెప్పండి. ఎవరిది సరైందో చూద్దం."

రెండు రోజులకు ఆయన ముప్పై ఆరన్నాడు. తబస్సుం ముప్పై ఒకటంది. ఆయన ఓడిపోతే చూడాలని ఆమెకు లోలోపల ఎంత ఆశగా ఉందో, కవరు చింపుతుంటే తెలిసింది.

లోపల ఇరవై ఐదని ఉంది.

వెంకటరామారావు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఇద్దరం పోయినం బిడ్డా," అన్నాడు. ప్రమీలారాణి ముందు నవ్వింది. తర్వాత ముగ్గురూ నవ్వారు.

ఆ సాయంత్రం ఆయన తన వడపోతలో మిగిలినదాన్ని సూక్ష్మదర్శిని కింద పెట్టి తబస్సుంను పిలిచాడు. పలుగురాయి రేణువుల నడుమ కరగని ఫెల్డ్‌స్పార్ ముక్కలు లావులావుగా కనిపించాయి.

"వేళ్లతోని రుద్ది చూసి, మెత్తగైంది అనుకున్న. నూరుడు సాలలే."

"నా దగ్గర సన్న జల్లెడుంది సార్. ఇంకా నూరుదాం."

"మరీ నూరితె ఆమ్లంల పలుగురాయి గూడ కరిగిపోతది. ఒక హద్దు పెట్టుకోవాలె." ఆయన ఆమె తెర వైపు తిరిగాడు. "నువ్వు కొలిచే ఈ పెద్ద శిఖరం ఉంది సూడు, ఆ జాగల ఇంకెవరూ నిలబడరా?"

తబస్సుం తెరమీదకు వంగి చూసింది. అభ్రకం శిఖరం సరిగ్గా అక్కడే లేస్తుంది, ఫెల్డ్‌స్పార్‌ది దాని భుజాన్నే. అన్నిటికంటే పొడవైనది కదా అని ఆమె దాన్ని ఒక్కదాన్నే కొలిచింది. ఈసారి వేరే ఏదీ కలవని ఒక చిన్న శిఖరాన్ని వెతికి పట్టుకుంది.

ప్రమీలారాణి కలిపిన పొడికి ఇప్పుడు ఆయనకు ఇరవై ఆరు, ఆమెకు ఇరవై ఐదు వచ్చాయి. లాలి సంచికి ఇరవై ఎనిమిది, ఇరవై ఏడు.

నివేదిక పోస్టులో పంపితే సరిపోయేది. కానీ తామే వెళ్లి చెబుదామంది తబస్సుం. పిలవకుండానే వెంకటరామారావు కూడా జీపెక్కాడు.

బట్టీ దగ్గర ఆడవాళ్లందరూ చుట్టూ చేరారు. "నాలుగు తట్టలు మోస్తె ఒక తట్టకు పైనే పలుగురాయి," అని చెప్పింది తబస్సుం. "ఎండిన పొడి ముట్టుకోకుండ్రి. ఎండకముందే బురదగనే తెప్పిచ్చుకుంటె దుమ్ము లేవదు. నేల కూడ నీళ్లు చల్లినంకనే ఊడ్వాలె."

యజమాని కాసేపు తల గోక్కున్నాడు. ఎట్లాగూ మట్టిని నీళ్లతోనే కలుపుతాం, ట్యాంకరులో బురదే తెప్పిస్తానన్నాడు.

లాలి ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. "ఇద్దరికీ ఒక్క లెక్కే వచ్చిందా?"

"ఒకటి అటు ఇటుగ, ఇప్పుడు వచ్చింది," అన్నాడు వెంకటరామారావు. ఇటుకల దొంతి మీద కూర్చుని, కవరు సంగతి మొదటినుంచీ చెప్పాడు. తన తప్పు చెప్పినప్పటికంటే తబస్సుం తప్పు చెప్పినప్పుడు ఆయన గొంతు కాస్త ఎక్కువ ఉషారుగా ఉంది. ఆడవాళ్లు కొంగులు నోటికడ్డం పెట్టుకుని నవ్వుతుంటే తబస్సుం కూడా నవ్వుతూ, ఆయన వదిలేసిన సంగతులు అందిస్తూ కూర్చుంది. లాలి సద్ది విప్పి ఇద్దరికీ చెరో జొన్నరొట్టె చేతిలో పెట్టింది.