జినోవీ పాతిన కొమ్మలు

చూద్ సరస్సు గడ్డకట్టాక దాని మీద రెండు దేవదారు కొమ్మలు అడ్డంగా పాతి ఉంటే, అక్కడ మంచుగడ్డ పలచనని అర్థం. తాతల నాటి కట్టుబాటు అది. ఎంత తాగినవాడైనా వాటిని చూస్తే పక్కకు తప్పుకుంటాడు. అలాంటి గుర్తుతో అబద్ధమాడిన పాపిష్టివాడు ఆ ఒడ్డున ఒక్కడే, జినోవీ.

ఎనిమిది చలికాలాలు ఆడాడు. చారల చేపలు గుంపుగా చేరే చోటు ఒకటి వాడి కంటబడింది. అక్కడ గడ్డ మూరెడు మందం, గుర్రాన్ని తోలినా చెక్కుచెదరదు. చుట్టూ కొమ్మలు పాతేసి, మధ్యలో గడ్డ తొలిచే బర్మాతో కన్నం వేసి, ఒక్కడే దర్జాగా గాలం వేసేవాడు. భయం లేదా అని ఎవరైనా అడిగితే, "పెళ్లాం పోయినోణ్ణి, నేను మునిగితే ఏడ్చేదెవరు?" అనేవాడు.

వాడి తలదన్నేవాడు తమ్ముడు కొంద్రాతీ. పోయిన ఏడాది గడ్డ మందం కొలిచి చూసి, రేవులో పదిమంది ముందు గుట్టు బయటపెట్టాడు. "ఇకనించి కొమ్మలెక్కడుంటే చేపలక్కడ! అంతా మా అన్నయ్య చలవ!" జినోవీ సిలువ మీద ఒట్టేసి బుకాయించాడు. ఊరంతా పడీపడీ నవ్వింది.

ఈ మార్చిలో దక్షిణపు గాలి మూడు రోజులు ఆగకుండా వీచింది. జినోవీ గునపంతో పొడిచి చూసుకుంటూ నడుస్తున్నాడు. మూడు పోట్లకు గడ్డ ఆగితే అడుగెయ్యాలి, ఒక్క పోటుకే నీళ్లొస్తే వచ్చిన అడుగుల్లోనే వెనక్కి తిరగాలి. ఏటా గడ్డ పగిలే పాత బీట దగ్గర మొదటి పోటుకే గునపం సగం దిగిపోయింది. పైన తెల్లటి మంచు, కింద నానిన రొట్టెలా బూడిదరంగు గడ్డ. బోర్లా పడుకుని పాకుతూ వెనక్కి వచ్చి, వెంట లాక్కొచ్చిన మంచుబండి మీదున్న కొమ్మలన్నీ అక్కడ పాతాడు. ఇన్నేళ్లలో ఇదే మొదటిసారి నిజంగా పాతడం.

ఆ సాయంత్రమే తమ్ముడింటికి పరుగెత్తాడు. కొంద్రాతీ ఉల్లిపాయ నంజుకుంటూ పొగబెట్టిన చేప తింటున్నాడు.

"ఒరేయ్, పాత బీట వైపు వెళ్లకు. ఒక్క పోటుకే నీళ్లొచ్చాయి."

"అబ్బో! కొత్త చోటు దొరికిందన్నమాట. ఎన్ని పడ్డాయేంటి?"

"సిలువ సాక్షిగా చెప్తున్నానురా!"

"పోయినేడూ సిలువేగా సాక్షి! పాపం, దానికి వేరే పనే లేదా అన్నయ్యా?"

"చచ్చి నీ కడుపున పుడతాను, వెళ్లకురా!"

"నా కడుపున పుట్టినా నాకు చేపలు మిగల్చవు నువ్వు."

కొంద్రాతీ భార్య లుకేర్యా కూడా నోటికి కొంగడ్డం పెట్టుకుని నవ్వింది. జినోవీకి ఏడుపొచ్చింది.

తెల్లారేసరికి తమ్ముడి బండి జాడ తిన్నగా ఆ కొమ్మల మధ్యలోకి పోయి ఉంది. జినోవీ చెక్కపలక ముందుకు తోసుకుంటూ, తాడు పట్టుకుని పాకాడు. గొంతు పోయేలా పిలిచాడు. నీళ్ల మీద ఉన్నిటోపీ ఒక్కటే తేలుతోంది. శవం రెండో రోజుకు గాని కొక్కేలకు తగల్లేదు.

"మీరు ఆరోజు నిజం చెప్తున్నారని మాకెలా తెలుస్తుంది బావగారూ?" అంది లుకేర్యా, శవపెట్టె మీద మూత వేసేటప్పుడు. "ఎలా తెలుస్తుందో మీరే చెప్పండి!"



పూడ్చిన మర్నాడు మళ్లీ గునపం పట్టుకుని వెళ్లాడు. గడ్డ కరగడం ఇంకో వంద అడుగులు ఒడ్డు వైపు పాకింది. అక్కడా కొమ్మలు పాతాడు. ఇక కొమ్మల్ని నమ్ముకోలేక, వాటి ముందు తనే నిలబడ్డాడు. మధ్యాహ్నానికి ముగ్గురు కుర్రాళ్లు బర్మాలు భుజాన వేసుకుని వచ్చారు.

"రాకండిరా! మా తమ్ముణ్ణి మింగిందిరా ఇది!"

"ఆయన పోయింది అదిగో, అక్కడ. ఇక్కడెందుకు పాతావు మరి?"

జినోవీ చేపల పెట్టె బోర్లించి చూపించాడు. కోటు విప్పి దులిపాడు. రెండు చేతులూ చాచి చూపించాడు. వాటిలో ఏమీ లేదు.

వాళ్లలో పెద్దవాడు కన్నుగీటి, బర్మా దించుకుంటూ అడిగాడు.

"గాలం ఎక్కడ దాచావు బాబాయ్?"