దొరకి పని

నోరులేని జీవం మీద కోపం చూపించకూడదంటారు. అలా అనేవాళ్ళని ఒక్క రోజు మా ఇంట్లో ఉండమనండి, చూద్దాం. మూడో అంతస్తు, రెండు గదులు, ఒక కిటికీ. ఆ కిటికీ తెరిస్తే పక్క భవనం గోడ. తలుపుకి లోపల గడియ, గడియకి తాళం, తాళంచెవి నా మెడలో. ఖైదీనీ నేనే, జైలర్నీ నేనే.

ఆ తాళం మా అత్తయ్య కోసం. వయసంతా ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేసిన మనిషి. ఇప్పుడు మతిమరుపు. కోడల్నని మరిచిపోయింది గానీ డ్యూటీని మాత్రం మరిచిపోలేదు. తెల్లారగానే సంచీ భుజాన వేసుకుని తలుపు దగ్గర నిలబడుతుంది. ఒకసారి నేను గడియ పెట్టకపోతే పెద్ద రోడ్డు నడిమధ్యలో దొరికింది, రెండువైపులా బస్సులు ఆగిపోయి. ఆ రోజే నేను చొక్కాల కార్ఖానాలో కాలర్లు కుట్టే పని మానేశాను. మా ఆయన లారీ మీద ఊళ్ళు తిరుగుతూ "అమ్మ జాగ్రత్త" అని ఫోన్ చేస్తాడు. ఆయనకేం, ఆ మాట అనడానికి ఒళ్ళు అలుస్తుందా!

ఇంతలో కార్ఖానా మేస్త్రి కబురు పెట్టాడు. వచ్చే సోమవారం కాక ఆ పై సోమవారం పొద్దున్నకి రాకపోతే నా మిషన్ ఇంకొకరికి ఇచ్చేస్తాడట. రెండు రోజులు అన్నం సయించలేదు నాకు. అక్కడ మిషన్ల హోరులో ఆడవాళ్ళందరం అరిచి మాట్లాడుకునేవాళ్ళం, అరిచి నవ్వుకునేవాళ్ళం. ఇక్కడ నా గొంతు నాకే వినిపించి భయమేస్తోంది.

సరిగ్గా అప్పుడే మా మరిది ఒక కుక్కని వెంటబెట్టుకొచ్చాడు. గోడౌన్ల కాపలాకి కుక్కల్ని తయారుచేయడం అతని పని.

"వదినా, ఇది నా పరువు గంగలో కలిపేసింది," అన్నాడు. "మావాడు దొంగ వేషం వేసుకుని పరిగెత్తితే కరవదు, మొరగదు. భుజంతో నెట్టుకుంటూ వాణ్ణి తీసుకొచ్చి మా మధ్యలో నిలబెట్టింది. దానికి అందరూ ఒకచోట ఉండాలి. ఒకడు విడిపోతే ప్రాణం ఒప్పదు."

"పేరేంటి?"

"దొర. తినడం, పడుకోవడం తప్ప పనేముంది దానికి?"

ఆ సమయానికి అత్తయ్య సంచీ తగిలించుకుని తలుపు వైపు బయల్దేరింది. దొర లేచి, ఆవిడకి అడ్డంగా నిలబడి, మోకాళ్ళకి ఆనుకుని మెల్లగా వెనక్కి నడిపించింది. ఎవరూ చెప్పలేదు. అత్తయ్య దాని వీపు మీద చెయ్యి వేసి వచ్చి కుర్చీలో కూర్చుంది. వెతకబోయిన తీగ కాలికి తగలడమంటే ఇదే కదా!

"దీన్ని నాకొదిలేసి పో," అన్నాను.

కింది వాటా పిన్నిగారు మధ్యాహ్నం వచ్చి అత్తయ్యకి భోజనం పెడతానన్నారు. ఇక దొరని దాని మానాన వదిలేస్తే బాగుండేది. వదిలేస్తే నేనెందుకవుతాను! పని అన్నాక పక్కాగా ఉండాలి, దానికి శిక్షణ ఇవ్వాల్సిందే అనుకున్నాను. అత్తయ్యతో ప్రయోగాలు చేస్తే మెట్ల మీద జారిపడుతుందని భయం. అందుకని ఆవిడని కుర్చీలో కూర్చోబెట్టి, ఆవిడ స్వెట్టరు నేను తొడుక్కుని, ఆవిడ సంచీ నేను తగిలించుకుని తలుపు దాకా వెళ్ళేదాన్ని. దొర నన్ను ఆపితే రొట్టె ముక్క. మళ్ళీ వెళ్ళడం, మళ్ళీ ఆపడం, మళ్ళీ ముక్క. వారం తిరిగేసరికి నేను గడియ మీద చెయ్యి వేస్తే చాలు, వచ్చి కాళ్ళకి అడ్డంపడేది.

మరిదికి ఫోన్లో చెబితే, "నా ఉద్యోగానికి ఎసరు పెట్టేలా ఉన్నావే వదినా!" అన్నాడు. పొంగిపోయాను.

సోమవారం వచ్చింది. అత్తయ్య కుర్చీలో కునుకు తీస్తోంది. తల దువ్వుకుని, డబ్బా సర్దుకుని, ఎన్నాళ్ళకో చెప్పులేసుకుని తలుపు తీశాను.

దొర వచ్చి గడప మీద అడ్డంగా పడుకుంది.

"నన్ను కాదురా, ఆవిడని!" అన్నాను. కదల్లేదు. దాటబోతే లేచి భుజంతో నా మోకాళ్ళని నెట్టింది. తిట్టాను, బతిమాలాను, మెడపట్టి లాగాను. చీర కుచ్చిళ్ళు పళ్ళతో పట్టుకుని, తోక ఊపుతూ నా చేతి వంక చూసింది, రొట్టె ముక్క ఏదీ అని. అప్పుడు తెలిసింది నా తెలివి తెల్లారినట్టే ఉందని. దానికి నేర్పింది అత్తయ్యని ఆపడం కాదు. నన్ను ఆపడం.

ఆ గొడవకి అత్తయ్య లేచింది. సంచీ తగిలించుకుంది. మా ఇద్దరి పక్కనుంచి తాపీగా బయటికి నడిచింది. దొర ఆవిడ వంక చూసి మూలిగింది. దాని ప్రాణం అటు లాగుతోంది, నేను తినిపించిన రొట్టె దాన్ని ఇటు కట్టేసింది. పుట్టుకతో వచ్చిన విద్యని చేతులారా చెడగొట్టి, నాకు నేనే ఇంకో తాళం వేసుకున్నాను. గడపలోనే చతికిలబడి ఏడ్చాను.

మెట్ల దాకా వెళ్ళిన అత్తయ్య వెనక్కి తిరిగి చూసింది. దొరని చూసింది, దాని నోట్లో నా కుచ్చిళ్ళు చూసింది. గబగబా వచ్చి నా పక్కన వంగి, గొంతు తగ్గించి అడిగింది.

"నీక్కూడా పెట్టారా కాపలా?"

తలూపాను.

"పాపిష్టివాళ్ళు," అంది అత్తయ్య. "ఎక్కడే నీ డ్యూటీ?"

"చొక్కాల కార్ఖానాలో."

"ఏడుస్తూ కూర్చుంటే గేటు మూసేస్తారు. లే, నేను దింపుతాను."

నా చెయ్యి పట్టుకుని లేపింది. ఇస్త్రీ పెట్టె మోసిన చెయ్యి, ఇంకా ఇనుములాగే ఉంది. ఇద్దరం ఒకటిగా నిలబడేసరికి దొర కుచ్చిళ్ళు వదిలేసింది. మమ్మల్ని ఒకసారి చుట్టి వచ్చి, వెనకనుంచి భుజంతో నెట్టింది. అలాగే మెట్లు దిగాం. పెద్ద రోడ్డు దగ్గర అత్తయ్య తొందరపడితే అది ముందుకొచ్చి ఆపింది, బస్సు వెళ్ళాక కదిలింది. రొట్టె ముక్క అడగలేదు.

కార్ఖానా గేటు దగ్గర మేస్త్రి మా ముగ్గురినీ ఎగాదిగా చూశాడు.

"ఏంటమ్మా ఈ ఊరేగింపు? ఎవరీవిడ?"

నేను నోరు తెరిచేలోపే అత్తయ్య నన్ను ముందుకు నెట్టింది.

"కొత్తపిల్లండీ," అంది. "ఇంట్లో బయటికి పంపట్లేదు. నేనే తీసుకొచ్చాను."