గొళ్లెం పెట్టని తలుపు

నాచారంలోని ఆ వీధిలో సారమ్మ చేత నీళ్లు పోయించుకోని పసిబిడ్డ లేదు. ఆ ఉదయం పక్కింటి గదిలో ఆమె కాళ్లు చాపుకుని కూర్చుని, నెల పిల్లను వాటి మీద బోర్లా పడుకోబెట్టి గోరువెచ్చని నీళ్లు పోస్తోంది. మూలన సాంబ్రాణి పొగ. వేడినీళ్లు అందిస్తున్న కూతురు రెబెక్కాకు ఆ పొగలో గది, అమ్మ, పిల్ల, అంతా ఎవరో కంటున్న కలలా అనిపించింది. లేచి తలుపు మూయబోయింది.

"గొళ్లెం పెట్టకు," అంది సారమ్మ. "జర దగ్గరికెయ్యి, చాలు."

"ఎవరన్న సూస్తరు గదమ్మా."

"సూడొద్దనే దగ్గరికెయ్యమన్న. పిల్ల ఏడుపు మారితే తల్లి ఉరికి రావాలె గద."

రెబెక్కా నవ్వుకుంటూ ఉప్పల్‌లోని ఆఫీసుకు బయలుదేరింది. తన పని ఏమిటో ఆమె తల్లికి ఎప్పుడూ సరిగా చెప్పలేదు. మన ఫోటోలు మనవే అనుకుంటాం గానీ, ఫోన్ నుంచి క్లౌడ్‌లోకి చేరాక వాటిని ఆమె కంపెనీ యంత్రం జల్లెడ పడుతుంది. పసివాళ్లపై దారుణం జరిగిందని అనుమానం వస్తే ఆ ఫోటోను రెబెక్కా లాంటివాళ్ల ముందు పెడుతుంది. పోయిన నెల ఆమె గుర్తించిన ఒక్క ఫోటోతో పోలీసులు ఓ చిన్నారిని కాపాడారు. అందుకే ఎంత కష్టమనిపించినా ఆమె ఆ పని మానలేదు.

ఆ రోజు వచ్చింది మాత్రం ఓ విన్నపం. నాగారం నుంచి సంతోషి అనే బాలింత రాసింది.

"మా అమ్మ నా బిడ్డకు నీళ్లు పోస్తుంటె తీసిన ఫోటో అది. దానికే నా అకౌంట్ మూసిన్రు. తర్వాత పది రోజులకే అమ్మ పోయింది. అమ్మ ఫోటోలన్నీ అండ్లనే ఉన్నయి. సాయంత్రానికి అన్నీ చెరిపేస్తరట."

రెబెక్కా ఫోటో తెరిచింది. చాపిన కాళ్లు, బోర్లా పడుకున్న బిడ్డ, మూలన పొగ. పొద్దుటి గదిలోకే మళ్లీ వచ్చినట్టయింది. యంత్రానికి కనిపించింది బట్టలు లేని బిడ్డ మాత్రమే. దాని అనుమానాన్ని ఖాయం చేసిన మనిషి ఏ దేశంవాడో, మన ఇళ్లలో నీళ్లు పోయడం ఎరగడు. ముక్కూమొహం తెలియని వాళ్లింట్లోకి వచ్చి నిలబడ్డట్టు ఆమెకు సిగ్గు వేసింది. అకౌంట్ తిరిగి తెరవమని రాసి పంపింది.

పై అధికారి లక్ష్మీకాంత్ అది చూసి ఆమె దగ్గరికి వచ్చాడు.

"గిట్లయితుందనే ఎవరి ఫోటోలు వాళ్లు తప్ప ఇంక ఎవ్వరు తెరవలేని తాళం ఏద్దామంటున్నరు పైవాళ్లు. మనం గూడ సూడలేం. మంచిదే గద?"

పోయిన నెల చూసిన చిన్నారి ముఖం, సంతోషి తల్లి చేతులు రెండూ రెబెక్కా కళ్ల ముందు మెదిలాయి.

"మా అమ్మ తలుపు దగ్గరికేస్తది సార్, గొళ్లెం పెట్టదు," అంది. "ఊరికే తొంగి సూసేటోళ్లకు తలుపు అడ్డముండాలె. ఏడుపు ఇనబడ్డనాడు లోపలికి పోయే దారుండాలె. అట్ల లోపలికి పోయినోళ్లకు అది నీళ్లు పోసుడో, పాపమో తెల్వాలె."

ఆ సాయంత్రం నాగారంలో, సంతోషి ఫోన్‌లో తిరిగొచ్చిన ఫోటోలో, సాంబ్రాణి పొగ మధ్య ఆమె తల్లి మళ్లీ మనవరాలికి నీళ్లు పోస్తోంది.