సీసాలో పెరిగిన అంజూర

తమ్ముడు ట్రే తెచ్చి బల్ల మీద పెట్టిన తీరులోనే అక్కకు సంగతి అర్థమైపోయింది. మంచి కబురుంటే వాడు ఈల వేసుకుంటూ వస్తాడు. ఇవాళ పెదాలు బిగించుకుని వచ్చాడు.

"ఇదిగో, నీ రాకుమారులు," అన్నాడు.

ట్రేలో అంజూర మొక్కలు తడి కాగితాల్లా వాలిపోయి ఉన్నాయి. నిన్న పొద్దున సీసాల్లోంచి తీసి అప్పగించినప్పుడు ఒక్కొక్కటీ నిగనిగలాడుతూ చూడముచ్చటగా ఉంది.

"నీళ్ళు పోయలేదురా?"

"పోశాను. నీడలోనే పెట్టాను. ప్లాస్టిక్ కప్పాను. పక్కన తుంపర మిషను కూడా తిప్పాను. ఇంకేం చెయ్యమంటావు, జోల పాడమంటావా? గాలి తగిలితే చాలు, మూటా ముల్లే సర్దుకుంటున్నాయి. నువ్విచ్చేవే ఊపిరి లేని మొక్కలు."

"నేను ప్రాణంతో ఇస్తున్నాను. నువ్వు ప్రాణం తీసి తెస్తున్నావు."

ఇద్దరూ ఒకే నర్సరీలో పనిచేస్తారు. అక్కది టిష్యూ కల్చర్ గది. చిగురు కొసను కోసి, సీసాలో పోషకాలు కలిపిన అగర్ జిగురు మీద నాటి, ఒక్క కొస నుంచి గుత్తులు గుత్తులుగా పిలకలు పుట్టించి, వేళ్ళు దిగాక తమ్ముడికి అప్పగిస్తుంది. తమ్ముడిది గ్రీన్‌హౌస్. సీసా పిల్లల్ని మట్టికి, ఎండకి అలవాటు చేయడం వాడి పని. మిగతా మొక్కల గురించైతే ఈ పోట్లాట వాళ్ళకు టీ తాగినంత మామూలు. కానీ ఈ ట్రేలో ఉన్నవి మేనత్త చెట్టు పిల్లలు.

అత్త ఇంటి వెనక ఒక అంజూర చెట్టు ఉండేది. తేనె రంగు పండు, తొక్క పల్చన, గింజ నోటికి తగిలేది కాదు. అలాంటి పండు మరెక్కడా లేదని అత్త అంటుంది. అక్క నలుగురైదుగురు తోటల వాళ్ళను అడిగి చూసింది, నిజంగానే దొరకలేదు. పోయిన వానల్లో గాలికి ఆ చెట్టు కూకటివేళ్ళతో లేచిపోయింది. తమ్ముడు కొమ్మలు తెచ్చి నాటాడు గానీ, చెట్టుకి అప్పటికే తెగులు పట్టి ఉండటంతో అన్నీ కుళ్ళిపోయాయి. తెగులు అంటనిది చిగురు కొసల్లో గోరంత మేర మాత్రమే. దాన్ని అక్క సీసాల్లోకి ఎక్కించింది. కోసిన చోట పాలు కారి నల్లబడినవీ బూజు పట్టినవీ పోగా కొన్ని నిలిచాయి. ఇప్పుడా చెట్టు వంశమంతా ఒక అలమరలో ఒక్క అరలోనే ఉంది.

ఆ మధ్యాహ్నం అక్క వాలిపోయిన ఆకుల జోలికి పోలేదు. సీసాల్లో ఇంకా పచ్చగా ఉన్న మొక్క నుంచి ఒక ఆకు తుంచింది. చెట్టు పడిన రోజు దాచిపెట్టిన ఆకు డీప్ ఫ్రీజరులో ఉంటే అదీ తీసింది. రెండింటినీ విడివిడిగా నూరి, వాటిలోని ప్రొటీన్లను తీసి, పల్చటి జెల్లు పలకలో పోసి కరెంటు పెట్టింది. చిన్న ప్రొటీన్లు చురుగ్గా ముందుకు జారతాయి, పెద్దవి వెనకబడతాయి. చివర్లో నీలం రంగు పట్టిస్తే ఏది ఎక్కడ ఆగిందో గీతల్లా కనిపిస్తుంది.

చెట్టు ఆకు వరసలో నడిమి గీత ఒకటి వేలంత లావున ఉంది. సీసా ఆకు వరసలో అదే చోట వెంట్రుకంత గీత ఉంది, అంతే.

ఆదివారం అత్త బస్సు దిగి తిన్నగా సీసాల గది గుమ్మం దగ్గరికే వచ్చింది. చెప్పులు విప్పి, తలకు గుడ్డ టోపీ పెట్టుకుని, "ఏమే, నా పిల్లలెలా ఉన్నారు?" అంది.

దాచి లాభం లేదు. అక్క జెల్లు పలకను వెలుతురు బల్ల మీద పెట్టి చూపించింది.

"ఈ లావు గీత ఉంది చూశావా అత్తా, గాలిని పట్టుకుని తిండిగా మార్చే ప్రొటీను ఇదే. నీ చెట్టు ఆకులో దండిగా ఉంది. నా సీసా మొక్కలో లేనట్టే ఉంది."

"ఎందుకు లేదూ?"

"సీసాలో పంచదార నేనే పోస్తున్నాను. వేరుతో పీల్చుకుంటే సరిపోతుంది. తిండి అమర్చి పెడుతుంటే ఆకు తనంతట తను వండుకోవడం ఎందుకు నేర్చుకుంటుంది?"

అత్త గీతల వంక కాసేపు చూసి, తల తిప్పి పక్కనే ఉన్న మేనల్లుడి వంక చూసింది. "వీడిలాగన్నమాట."

"ఇప్పుడు మధ్యలో నేనేం చేశానత్తా?" అన్నాడు తమ్ముడు.

"ఏమీ చెయ్యవనేరా అంటున్నాను."

అక్క నవ్వాపుకోలేకపోయింది. చాలా రోజుల తర్వాత ఆ గదిలో ముగ్గురూ నవ్వారు. పోయేముందు మాత్రం అత్త ఆ అర ముందు నిలబడి, గొంతు తగ్గించి, "పోతే పోనీవే, నువ్వు మాత్రం తిండి మానెయ్యకు. చిక్కిపోయావు," అంది. ఆ మాటతో అక్కకు కళ్ళు చెమర్చాయి.

మర్నాడే పని మొదలుపెట్టింది. కొన్ని సీసాల్లో పంచదార బాగా తగ్గించింది, దీపాల వెలుగు పెంచింది, గాలి ఆడాలని మూతలు వదులు చేసింది. తొందరపడింది. గాలితో పాటు బూజు కూడా లోపలికొచ్చింది. బూజు పట్టనివేమో తిండి చాలక పాలిపోయాయి. వారం తిరక్కుండానే సగానికి సగం సీసాలు చెత్తబుట్ట పాలయ్యాయి.

ఆ రోజు అక్క భోజనం డబ్బా మూత తీయకుండా కూర్చుంది. తమ్ముడు వచ్చి ఎదురుగా కూలబడ్డాడు. ఏదో ఒకటి అంటాడని ఆమె ఎదురుచూసింది. వాడు డబ్బా విప్పి ఆమె ముందుకే జరిపాడు.

"అక్కా, ఒకటి చెప్పనా? నీ గదిలో అన్నీ అమిరిపోతాయి. నా గదిలో ఏదీ అమరదు. ఈ రెంటికీ మధ్య ఒక గది లేదు."

అక్క ముద్ద కలుపుతూ ఆగిపోయింది. "పాత ప్యాకింగు గది ఖాళీగానే ఉందిగా."

"దానికి తూర్పు కిటికీ కూడా ఉంది."

తిండి సంగతి మరిచిపోయి ఇద్దరూ లేవబోయారు. మళ్ళీ కూర్చుని గబగబా తినేసి వెళ్ళారు. ప్యాకింగు గదిలో అట్టపెట్టెలు బయట పడేసి, గోడలు కడిగి, అరలు బిగించారు. కిటికీకి తమ్ముడు పల్చటి వల కట్టాడు. అక్క ఈసారి మూతలు వదులు చేయలేదు. మూతకు చిన్న రంధ్రం చేసి, బూజును ఆపి గాలిని వదిలే వడపోత బిళ్ళ అతికించింది. పంచదార ఒక్కసారిగా కాకుండా, మొక్కను కొత్త సీసాలోకి మార్చినప్పుడల్లా కొంచెం కొంచెంగా తగ్గించింది. ఒక్క సీసా మాత్రం ఎందుకైనా మంచిదని పాత గదిలోనే ఉంచుకుంది.

మార్చినప్పుడల్లా ఒక ఆకు తుంచి జెల్లు మీద పరుగెత్తించేది. మొదటిసారి నడిమి గీత ఏమీ మారలేదు. రెండోసారి దారమంత అయింది. ఆ తర్వాత ఒక పొద్దున రంగు కడిగి చూసేసరికి పెన్సిలంత లావు తేలింది. అంతేకాదు, పలక అడుగున, సీసా ఆకు వరసలో ఇదివరకెప్పుడూ ఏ గీతా లేనిచోట, ఒక కొత్త గీత కనిపించింది.

"ఒరేయ్, ఇలా రా!" అని అక్క పెట్టిన కేకకు తమ్ముడు చేతిలో నీళ్ళ పైపుతోనే పరుగెత్తుకొచ్చాడు. గదంతా నీళ్ళు.

"ఇదేంటి, ఈ కిందది?"

"తెలీదు."

"తెలియకే ఇంత సంబరమా?"

"తెలియకపోబట్టే. నీళ్ళు తగ్గినప్పుడు ఆకును కాపాడే ప్రొటీన్లు కొన్నుంటాయి, వాటిలో ఒకటేమో. కాకపోనూ వచ్చు. ఎవరో కొత్త చుట్టం. ఎవరి తాలూకో కనుక్కోవాలి."

చూడటానికి మాత్రం ఆ మొక్కలు ఏమంత బాగాలేవు. పొట్టిగా, ముదురుగా, మొరటుగా ఉన్నాయి. తమ్ముడు ఒకటి పైకెత్తి పట్టుకుని, "రాకుమారులు కాస్తా కూలికెళ్ళొచ్చినట్టున్నారు," అన్నాడు. కానీ కొబ్బరి పీచుపొట్టులో నాటేటప్పుడు పసిపిల్లల్ని పడుకోబెట్టినట్టు ఒక్కొక్కదాన్నీ రెండు చేతులతో దించాడు.

మొదటి రోజు అక్క ఏదో ఒక సాకుతో గ్రీన్‌హౌస్ చుట్టూ తిరిగింది. కత్తెర మరిచిపోయానంది. కత్తెర ఆమె జేబులోనే ఉంది. తమ్ముడు చూసి కూడా చూడనట్టు ఊరుకున్నాడు. మర్నాడు ప్లాస్టిక్ కవరు ఒక పక్క కొంచెం ఎత్తాడు. ఆకులు నిలబడ్డాయి. ఇంకొంచెం ఎత్తాడు. ఒకటి రెండు తలలు వాల్చాయి గానీ సాయంత్రానికి తేరుకున్నాయి. కవరు పూర్తిగా తీసేసిన పొద్దున ట్రే పచ్చగా ఉంది. ఆ పొద్దున వాడి ఈల సీసాల గది దాకా వినిపించింది.

అత్తకు ఫోనులో ఏమీ చెప్పలేదు. ఆదివారం ఆమె వచ్చాక ట్రే ముందుకు తీసుకెళ్ళి నిలబెట్టారు. అత్త మొక్కల్ని చూసి మొహం చిట్లించింది. "ఇంత గిడసబారాయేంటే?" అంటూనే ఒక ఆకును బొటనవేలితో రాసి చూసింది. మళ్ళీ రాసింది. తన చెట్టు ఆకు ఎప్పుడూ అరచేతిని గీరేది. ఇదీ గీరింది.

"నాదే," అంది. మేనల్లుడి భుజం మీద ఒక్కటి చరిచింది. "బాగా పెంచావురా."

"పెంచింది అక్క."

"నువ్వు చంపలేదుగా, అదే గొప్ప."

అత్త ఒక కుండీ తీసుకెళ్తానని పట్టుబట్టింది. ఇంకా వేళ్ళు సర్దుకోవాలని అక్క చెప్పినా వినలేదు. చివరికి ఒక షరతు మీద ఒప్పందం కుదిరింది: నెల రోజులు వరండా నీడలోనే ఉంచాలి, ముద్దు చేసి నీళ్ళు ఎక్కువ పోయకూడదు. బస్సులో కిటికీ పక్క సీటు కుండీకిచ్చి అత్త ఇటు కూర్చుంది. కూర్చోబోయిన పెద్దమనిషితో, "మనిషుందండీ," అనడం కిందనున్న ఇద్దరికీ వినిపించింది.

బస్సు కదిలాక తమ్ముడు చేతులు దులుపుకున్నాడు. "అత్త నీళ్ళు పోసి ముంచకుండా ఉంటుందంటావా?"

"రోజూ సాయంత్రం ఫోన్ చేసి అడుగుదాం."

"నువ్వు చెయ్. నాకైతే తిట్లే."

"నాకు ఆ కొత్త గీత సంగతి చూడాలి. పద, ఆకులు తుంచాలి."

"మళ్ళీ ఆకులా? బతికాయని సంతోషించేలోపు గుండు కొట్టిస్తున్నావా వాటికి!"

"ఒక్కొక్కటే రా."

"అడుగు ఆకే తుంచాలి. చిగురు జోలికొస్తే ఊరుకోను," అంటూ వాడు ముందు నడిచాడు. అక్క జేబులోంచి కత్తెర తీసుకుని వెనకాలే వెళ్ళింది.