ఇరవై లెక్కపెట్టేదాకా

"ఈసారి కూడా స్కానింగులో బొమ్మ చెదిరితే పాపకి మత్తిచ్చి తీయాల్సిందే" అన్నాడు డాక్టరు. తొమ్మిదేళ్ల పిల్లకి మత్తు! ఒకవేళ లేవకపోతే? ఆ రోజు నుంచి నాకు ముద్ద దిగలేదు.

మా పాపకి, అదే మా పిచ్చుకకి, కాలేయం మీద మచ్చేదో ఉందట. పోయినవారం స్కానింగులో ఊపిరి బిగపట్టలేక కదిలిందని, "ఇంట్లో బిగపట్టడం నేర్పించి తీసుకురండి" అంటూ కౌంటరులో ఒక కాగితం చేతిలో పెట్టారు. వారమంతా నేర్పాను. పొద్దునా సాయంత్రం, ఇరవై లెక్కపెట్టేదాకా.

"ఈత పోటీకి పంపుతున్నావా ఏమిటే?" అని మా ఆయన వేళాకోళం. నవ్వేవాళ్లకేం, కన్నకడుపు నాది.

ఇవాళ స్కానింగు గది అమ్మాయి, "కొత్త పద్ధతమ్మా, పది నిమిషాల్లో అయిపోతుంది" అంది. పోయినసారి నలభై నిమిషాలు పట్టిన పని పది నిమిషాల్లోనా? సగం తీసి సగం వదిలేస్తారు కాబోలు.

అరగంటైనా తలుపు తెరుచుకోలేదు. అనుకున్నంతా అయింది, నా పిల్లకేదో అయింది. తలుపు దబదబా బాదాను. ఆ అమ్మాయే తీసింది.

"బాదకండమ్మా! పాప బాగానే ఉంది. ఊరికే ఊపిరి బిగపడుతోంది, అంతే. ఇప్పుడు మిషను ఊపిరి కదలిక చూసుకుంటూ బొమ్మ తీస్తుంది. బిగపడితే ఆగిపోతుంది. వద్దన్నా వినట్లేదు. ఏ మహాతల్లి నేర్పిందో!"

"మీ కాగితమే నేర్పింది!" తీసి మొహం ముందు పెట్టాను. "పద్ధతి మారిందని ఒక్క ముక్క చెబితే మీ నోటి ముత్యాలు రాలిపోతాయా?"

"అది పాత కాగితమమ్మా..."

"పాతదైతే కౌంటరులో కట్టలు కట్టలుగా ఎందుకు పంచుతున్నారు?"

"ముందు మీరొచ్చి పాపకి చెప్పండమ్మా" అంది ఆ అమ్మాయి. లోపల పెద్ద అయస్కాంతం ఉంటుందంటూ గాజులు, చెవిపోగులు, పిన్నులు తీయించి నన్ను లోపలికి పంపింది.

మిషను గొట్టంలోంచి పిచ్చుక పాదాలు మాత్రమే కనిపిస్తున్నాయి.

"అమ్మా, ప్రతిసారీ ఇరవై దాకా బిగపట్టాను. బాగా చేశానా?"

"బంగారంలా చేశావే. ఇక చాలు. నిద్రలో ఎలా పీలుస్తావో అలా పీల్చు."

"నిద్రలో ఎలా పీలుస్తానో నాకెలా తెలుస్తుంది?"

అంత కోపంలోనూ నవ్వొచ్చింది. "సరే, నీ అరికాలి మీద నా వేలు పైకి వెళ్తే పీల్చు, కిందికొస్తే వదులు" అని అలాగే నిమురుతూ కూర్చున్నాను. కాసేపటికి మిషను టకటకా అందుకుంది. తొమ్మిది నిమిషాల్లో ముగిసింది.

"బొమ్మలు శుభ్రంగా వచ్చాయి. మత్తు అక్కర్లేదు" అంది ఆ అమ్మాయి.

మచ్చ సంగతి రేపు చెబుతారట. రేపటి భయం రేపు పడతాను. వెళ్తూ వెళ్తూ కౌంటరు మీది ఆ పాత కాగితాల కట్ట మొత్తం తీసి సంచిలో కుక్కాను.

"అమ్మా, అవి మావి!" అన్నాడు కౌంటరతను.

"తెలుసు. ఇంకో తల్లి చేతిలో పెట్టకుండా పట్టుకెళ్తున్నా."