పుస్తకాలు రాని బడి

అక్టోబరు ఏడో తేదీ, మంగళవారం ఉదయం తొమ్మిది గంటలకు కొండ ఊరు చువిషాక్ బడిలో ఒకటో తరగతి పిల్లలకు చదువు పరీక్ష జరిగింది. ఇరవై ఇద్దరిలో పంతొమ్మిది మంది చదివారు. సగటున నిమిషానికి ముప్పై ఒక్క మాటలు. బడి ఏడాది మొదట్లో, ఫిబ్రవరిలో, అదే పిల్లల సగటు సున్నా.

పరీక్ష పెట్టినవాడు లాసారో తుమ్. పక్క లోయలో పుట్టాడు, ఆ కొండల భాష కిచె మాట్లాడతాడు, రాజధానిలోని ఒక పరిశోధన సంస్థకు పనిచేస్తాడు. బిడ్డను ఎదురుగా కూర్చోబెట్టి, కాగితం ఇచ్చి, గడియారం నొక్కి, అరవై సెకన్లలో ఎన్ని మాటలు సరిగ్గా చదివిందో లెక్క రాసుకోవాలి. ఆ తర్వాత కథ మీద మూడు ప్రశ్నలు అడగాలి. బిడ్డ గొంతు రికార్డవుతుంది. పిల్లలు ప్రశ్నలకు కూడా జవాబు చెప్పారు.

పరిశోధన తేల్చవలసింది ఒకటే. మొదటి ఏడాది అక్షరాలు స్పానిష్‌లో కాకుండా ఇంటి భాష కిచెలో నేర్పితే పిల్లలకు చదవడం వస్తుందా? నలభై బడులు తీసుకుని చీటీలు వేశారు. ఇరవై బడులకు కిచె కథల పుస్తకాలు ఇచ్చారు. ఇరవై బడులకు ఇవ్వలేదు. ఏడాది చివర ఈ ఇరవైకీ ఆ ఇరవైకీ తేడా కనబడితే, జనవరి నుంచి కొండల్లోని అన్ని బడులకూ పుస్తకాలు పంపుతామని విద్యాశాఖ ఒప్పుకుంది. కనబడకపోతే పంపరు. చువిషాక్‌కు పుస్తకాలు ఇవ్వలేదు.

ఆ తరగతి టీచరు ఫెలిపా షిలోఖ్. పదకొండేళ్ళుగా అక్కడే ఉంది, ఊరంతా ఆమెను సెన్యో, అంటే టీచరమ్మ, అని పిలుస్తుంది. కిందటేడు ఆమె తరగతిలో పదమూడు మంది తప్పారు, అందులో ఏడుగురు రెండోసారి. రెండుసార్లు తప్పిన పిల్లలను తల్లిదండ్రులు చెరకు కోతకు తీరప్రాంతానికి తీసుకుపోతారు. ఆ ఏడుగురూ వెళ్ళిపోయారు. చీటీ తీసిన రోజున ఆమె పరిశోధన పెద్ద డాక్టర్ ఒవాల్యె దగ్గరికి వెళ్ళి, తన బడిని పుస్తకాలిచ్చే బడుల్లోకి మార్చమని అడిగింది. మీ వంతు వచ్చే ఏడాది అని ఆవిడ చెప్పింది.

పిల్లలు ఆటకు బయటికి వెళ్ళాక లాసారో తరగతి గోడలు చూశాడు. కిందటి ఎన్నికల పోస్టర్లు తిరగేసి, మేకులు కొట్టి వరసగా వేలాడదీశారు. ఒక్కో కాగితం మీద ఒక్కో కథ. అక్షరాలు ఎర్రగా, పెద్దగా ఉన్నాయి. బొమ్మలు బొగ్గుతో గీశారు. సంస్థ ఇచ్చిన పుస్తకాల్లోని కథలే, అదే వరసలో ఉన్నాయి. ఒక కథ వెనకనుంచి అభ్యర్థి మీసాలు కనబడుతున్నాయి.

ఎక్కడివని అడిగాడు.

"రాసుకున్నాం," అంది ఫెలిపా. "శనివారాలు తల్లులొస్తారు. రాయడం రానివాళ్ళు బొమ్మలకు రంగు పూస్తారు. ఈ మీసాలాయన మా ఊరికి చేసిన మేలు ఇదొక్కటే తమ్ముడూ. గెలిచుంటే ఇదీ చేసేవాడు కాదు."

చూసి రాసుకున్న పుస్తకాలు పాకమాన్ బడి నుంచి వచ్చాయి. అక్కడ ఆమె చెల్లెలు సెబాస్తియానా టీచరు. ఆ బడికి చీటీలో పుస్తకాలు వచ్చాయి. ఆమె గురువారం సంతకు ఒక్కో పుస్తకం తమాలెలనే మొక్కజొన్న కుడుముల గంప అడుగున పెట్టి తెచ్చేది. మరుసటి గురువారం వెనక్కి తీసుకునేది. పుస్తకాలు వేరే బడికి ఇవ్వకూడదన్న కాగితం మీద ఆమె సంతకం ఉంది. ఎందుకు ఇవ్వకూడదో ఎవరూ చెప్పలేదు. అమ్ముకుంటారని భయం కాబోలు అనుకున్నానని ఆమె తర్వాత లాసారోతో చెప్పింది. ఈస్టరు ముందు పవిత్ర వారంలో రొట్టె, తేనె పక్కింటికి పంపకుండా ఎవరు తింటారని కూడా అడిగింది.

లాసారో పిల్లల బల్ల మీద కూర్చున్నాడు.  నకళ్ళ వల్ల ఏమవుతుందో చెప్పడానికి పొలం సంగతి తెచ్చాడు.

"రెండు చేలున్నాయనుకో సెన్యో. ఒకదానికి ఎరువేశారు, ఒకదానికి వేయలేదు. నువ్వు గంపతో మోసుకొచ్చి రెండోదానికీ వేశావు. రెండూ ఒకేలా పండాయి. నువ్వు మోసిన సంగతి తెలియనోడు వచ్చి చూస్తే ఏమంటాడు?"

"బాగా పండాయంటాడు."

"ఎరువు దండగంటాడు. వేసినా వేయకపోయినా ఒకటే కదా అంటాడు."

ఫెలిపా లేచింది. కిటికీలోంచి పిల్లలను చూసింది. తలుపు మూసి వచ్చి అతని ఎదురుగా కూర్చుంది.

"అయితే మావాళ్ళకి చదవడం రాలేదని రాయి."

"సెన్యో."

"సున్నాలు వేయి. ఇరవై రెండు సున్నాలు. మా పిల్లలు ఎలాగూ చదువుతున్నారు, నీ కాగితం మీద చదవకపోతే వాళ్ళకేం పోదు. తతిమ్మా బడులకి పుస్తకాలొస్తాయి."

గొంతులు రికార్డయ్యాయని, రాజధానిలో వాటిని వినేవాళ్ళు ఉంటారని అతను చెప్పాడు. అన్నీ వింటారా అని ఆమె అడిగింది. పదింటిలో ఒకటి వింటారని చెప్పాడు. అయితే తొమ్మిదింటికి సున్నా వేయవచ్చు కదా అంది.

అతను వేయలేదు. ముప్పై ఒకటి అనే రాశాడు. కింద గమనిక గడిలో, ఈ బడి వేరే బడి పుస్తకాలను నకలు రాసుకుని ఏడాది పొడవునా వాడింది అని రాశాడు. సెబాస్తియానా పేరు రాయలేదు. ఫోను అందే చోటు కోసం గుట్ట ఎక్కి డాక్టర్ ఒవాల్యెకు చెప్పాడు. అలాంటి కబురు వచ్చిన బడుల్లో ఇది తొమ్మిదోదని ఆవిడ చెప్పింది.

నెలాఖరుకు పుస్తకాలు ఇవ్వని ఇరవై బడుల్లో పదమూడు నకలు రాసుకున్నాయని తేలింది. ఒక బడిలో పిండి సంచుల మీద రాశారు. ఇంకొక బడిలో గోడకు సున్నం వేసి దాని మీద రాశారు. ఆ బడులను తీసేసి లెక్క కట్టమని లాసారో అడిగాడు. వీల్లేదని డాక్టర్ చెప్పింది. చీటీ ఎలా పడిందో లెక్క అలాగే కడతామని ఏడాది ముందే రాసిచ్చారు. ఇష్టం లేని బడులను తర్వాత తీసేస్తే ఆ లెక్కను ఎవరూ నమ్మరు. తనకైనా నమ్మకం ఉండదని ఆవిడ అంది.

పుస్తకాలు ఇచ్చిన బడుల్లో సగటు ముప్పై మూడు మాటలు వచ్చింది. ఇవ్వని బడుల్లో ముప్పై. నకళ్ళ సంగతి నివేదికలో నలభై ఒకటో పేజీలో ఉంది. డిసెంబరు పన్నెండున విద్యాశాఖ ఉత్తరం వచ్చింది. అందులో నలభై ఒకటో పేజీ ప్రస్తావన లేదు. చెప్పుకోదగ్గ తేడా కనబడనందువల్ల కార్యక్రమం విస్తరించబోవడం లేదని రెండు వాక్యాల్లో ఉంది.

జనవరి పంతొమ్మిదిన తనిఖీ అధికారి చువిషాక్ వచ్చాడు. అనుమతి లేని పాఠాలు గోడల మీద ఉండకూడదని చెప్పాడు. ఫెలిపా మేకులు తీసింది. ఎవరి చేత రాయించావని అధికారి అడిగితే, తనొక్కతే రాశానని చెప్పింది. అతను కాగితాలు చుట్టగట్టి బండిలో వేసుకున్నాడు.

అదే వారం, కార్యక్రమం ముగిసిందని, సంస్థ బండి పుస్తకాలిచ్చిన ఇరవై బడులూ తిరిగి పుస్తకాలు వెనక్కి తీసుకుంది. పాకమాన్‌లో రసీదు మీద సెబాస్తియానా సంతకం పెట్టింది. మొత్తం నలభై ఆరు పెట్టెలు రాజధానిలోని గోదాముకు చేరాయి. మార్చి ఇరవై నాటికీ వాటిని తెరవలేదు.