కిష్టవ్వ బ్రష్షు

కిష్టవ్వ స్పిరిటు పొయ్యి మీది డబ్బా మూత తీసి, పళ్ళ గార గీకే కొక్కేలను మరిగే నీళ్ళలోకి ఒక్కొక్కటే జారవిడిచింది. నోట్లో పెట్టేది ఏదైనా మరగాల్సిందే. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డ ఏడాది ఆబిడ్స్‌లోని ఈ పళ్ళ దవాఖానలో ఆయాగా చేరిన రోజున డాక్టరు వామన్‌రావు చెప్పిన మాట అది. ఆమెకు ఆ మాటే వేదం. కూతురింట్లో చెమ్చాలు కూడా మరిగించి నవ్వులపాలయ్యేది.

కుర్చీ పక్కన నిలబడి, భయపడేవాళ్ళ చెయ్యి పట్టుకోవడం ఆమె పని. మొగుడు పోయాక ఆమె చెయ్యి పట్టుకున్నది వాళ్ళే మరి! కానీ దీపం కింద చీకటి. తంబాకు నమిలి నమిలి ఆమె కింది పళ్ళ వెనక గార గోడ కట్టింది. చిగుళ్ళు ఉబ్బి నెత్తురు కారేవి. ఊరికే తీస్తానని డాక్టరు ఎన్నిసార్లన్నా, ఆ మొండిఘటం వింటేనా? గార ఊడితే పళ్ళూ ఊడతాయని వాళ్ళమ్మ చెప్పిందట.

నిన్న ఒక పేషెంటు ఆమె నోటివాసనకు ముక్కు మూసుకుంది. నోరు బాగుచేయించుకునేదాకా కుర్చీ దగ్గరికి రావద్దని డాక్టరు తేల్చేశాడు. ఇవాళంతా కిష్టవ్వ గుమ్మం దగ్గరే నిలబడింది. లోపల ఎవరో అబ్బా అన్నప్పుడల్లా ఆమె ప్రాణం ఉసూరుమంది.

సాయంత్రం పేషెంట్లంతా వెళ్ళాక, తనే వచ్చి కుర్చీలో కూర్చుంది.

"పండ్లు పోతే పోనియ్ సారూ. నన్ను గీడ నిలబడనియ్యుండ్రి."

డాక్టరు గీకుతుంటే పసుపుపచ్చని పెచ్చులు టకటకా గిన్నెలో పడ్డాయి. తన కుడిచేతిని తన ఎడమచేత్తోనే గట్టిగా పట్టుకుంది. ఒక్క పన్నూ ఊడలేదు. నాలుకతో తడిమి చూసుకుని సిగ్గుపడింది.

డాక్టరు కొత్త బ్రష్షు ఇచ్చి, రెండుపూటలా మెల్లగా తోముకుంటే గార మళ్ళీ పట్టదన్నాడు. తంబాకు ముట్టవద్దన్నాడు. రేపటినుంచి కుర్చీ పక్కనే ఉండమన్నాడు.

ఆయన వెళ్ళాక గిన్నె కడిగి, తన పళ్ళు గీకిన కొక్కేలను డబ్బాలో వేసింది. బ్రష్షునూ వేసింది. పొద్దున నోట్లో పెట్టేదే కదా! మరిగాక పొయ్యి ఆర్పి, ఎప్పటిలాగే మూత తియ్యకుండా తాళం వేసి బయల్దేరింది. మొజంజాహీ మార్కెట్ దాటాక తంబాకు సంచి మోరీలో పడేసి, నాంపల్లి వైపు నడిచింది.

తెల్లవారి పనికి రాలేదు. అల్లుడు కిషన్ వచ్చి, అత్త నిద్రలోనే పోయిందని చెప్పాడు.

"నవ్వుకుంటనే పండుకున్నట్టున్నది సారూ. పండ్లు ఎంత తెల్లగున్నయో."

డాక్టరు అతన్ని గుమ్మందాకా సాగనంపాడు. తర్వాత మొదటి పేషెంటు కోసం డబ్బా మూత తానే తీశాడు. చల్లారిన నీళ్ళలో, కొక్కేల మధ్య, వేడికి మెడ వంగిపోయిన ఎర్ర ప్లాస్టిక్ బ్రష్షు.